చీరాల దగ్గర తీరం దాటిన తుపాను దివిసీమను ఎందుకు ముంచింది?

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందనగానే కోస్తా అంతటా ఒకటే ప్రశ్న: ఎక్కడ తీరం దాటుతుంది? టీవీ తెర మీద మ్యాపు, మ్యాపు మీద ఒక గీత, గీత చివర ఒక ఊరి పేరు. ఆ ఊరు మనది కాకపోతే టెన్షన్ సగం తగ్గిపోతుంది. కానీ తెలుగువాళ్ల జ్ఞాపకంలో ఉన్న అతి ఘోరమైన ఉప్పెన, గీత చివర ఉన్న ఊరికి రాలేదు.

1977 నవంబరు 19, శనివారం. ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. సముద్రం ఊళ్ల మీద పడింది మాత్రం అక్కడికి 60, 80 కిలోమీటర్ల అవతల, కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలో. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్లు దాదాపు 10 వేలు. అసలు సంఖ్య అంతకు కొన్ని రెట్లు ఉంటుందన్న మాట అప్పటి నుంచీ ఉంది.

చీరాల వైపు వచ్చిన తుపాను దివిసీమను ఎందుకు ముంచిందన్న దానికి జవాబు, తుపాను పుట్టుకలోనే ఉంది. అది ఎలా పుడుతుంది, ఎటు తిరుగుతుంది, దాని మధ్యలో కన్ను ఎందుకు ఏర్పడుతుంది అన్నవి తెలిస్తే, మ్యాపు మీద గీతను చూసే పద్ధతే మారిపోతుంది.

సముద్రం దాచి పెట్టిన వేడి

ఎండాకాలం మట్టి కుండలో నీళ్లు చల్లబడటం అందరికీ తెలుసు. కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలోనే దాగి ఉంటుంది. ఆవిరి మళ్లీ నీటి చుక్కగా మారిన చోట తిరిగి బయటపడుతుంది.

తుపానును నడిపే ఇంధనం మొత్తం ఇదే. వేడెక్కిన సముద్రం మీద గాలి వీచినప్పుడు నీరు ఆవిరై పైకి వెళుతుంది. పైన చల్లబడి మేఘంగా మారేటప్పుడు దాగిన వేడిని అక్కడి గాలికి ఇచ్చేస్తుంది. వేడెక్కిన గాలి తేలికై ఇంకా పైకి లేస్తుంది. దాంతో కింద, సముద్రం ఉపరితలం దగ్గర గాలి ఒత్తిడి తగ్గుతుంది. అదే అల్పపీడనం. తగ్గిన చోటికి నాలుగు వైపుల నుంచీ గాలి వస్తుంది, వస్తూ వస్తూ దారిలోని సముద్రం నుంచి మరింత ఆవిరిని మోసుకొస్తుంది. గాలి వేగం పెరిగితే ఆవిరి పెరుగుతుంది, ఆవిరి పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఒత్తిడి ఇంకా పడిపోతుంది. తనను తాను పెంచుకునే ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే, ఏదో ఒకటి అడ్డం పడే దాకా ఆగదు.

అడ్డం పడేవి చాలానే ఉన్నాయి. అందుకే ప్రతి అల్పపీడనమూ తుపాను కాదు. సముద్రపు నీరు కనీసం 26.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అదీ పైపైన కాకుండా 50 మీటర్ల లోతు దాకా. పైన ఐదారు కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి తేమగా ఉండాలి. పొడిగాలి చొరబడితే మేఘాలు ఆవిరైపోయి, చేరిన వేడి కాస్తా ఖర్చయిపోతుంది. భూమధ్యరేఖకు కాస్త దూరం కూడా కావాలి. భూమి తిరగడం వల్ల గాలి దారి పక్కకు మళ్లుతుంది, ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు. మధ్యకు దూసుకు రావాలనుకున్న గాలి అలా మళ్లడం వల్లే గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. భూమధ్యరేఖ మీద ఈ మళ్లింపు సున్నా. సాధారణంగా 5 డిగ్రీల అక్షాంశం దాటాకే తుపాన్లు పుడతాయి. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర దాదాపు ఒకటిన్నర డిగ్రీ అక్షాంశంలో పుట్టిన వామేయ్ తుపాను చాలా అరుదైన మినహాయింపు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి, కింది గాలికీ పై గాలికీ పొత్తు కుదరకపోవడం. జూలై, ఆగస్టు నెలల్లో బంగాళాఖాతం వేడిగానే ఉంటుంది, తేమకు కొదవే లేదు, అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి పుడతాయి. అయినా పెద్ద తుపాన్లు దాదాపు రావు. కారణం, ఆ నెలల్లో కింద నైరుతి రుతుపవనాలు పడమర నుంచి తూర్పుకు వీస్తుంటే, పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున బలమైన గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తుంటాయి. నిటారుగా లేవాల్సిన మేఘస్తంభం నడుము విరిగినట్టు ఒరిగిపోతుంది. పేరుకోవాల్సిన వేడి చెదిరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఈ తేడా తగ్గుతుంది. మన తుపాను కాలాలు ఈ రెండే. 1977, 1996, 1999 విపత్తులు అక్టోబరు చివరి వారం, నవంబరు నెలల్లో జరిగినవే.

రుతుపవనాలు వెళ్లిపోయాక వచ్చే కాలంలో బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. దీని గురించి బయట ఎక్కువగా మాట్లాడుకోరు గానీ చాలా ముఖ్యమైన విషయం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలమంతా మోసుకొచ్చిన మంచినీరు సముద్రం మీద పలచని పొరలా పరుచుకుంటుంది. ఉప్పునీటికంటే తేలిక కాబట్టి అంత త్వరగా కిందికి కలవదు. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. అంటే తన పొయ్యిని తనే చల్లార్పుకుంటుంది. పైన మంచినీటి పొర ఉన్నప్పుడు ఆ చిలకడం లోతుకు దిగదు, చల్లని నీరు పైకి రాదు, పొయ్యి మండుతూనే ఉంటుంది. ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద, అక్టోబరులో వచ్చే తుపానుకు ఇలా పరోక్షంగా తోడ్పడుతుందన్నమాట.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ 2013 నవంబరులో జరిగిన లెహర్‌ది. అండమాన్ దాటి అతి తీవ్ర తుపానుగా ఆంధ్ర తీరం వైపు వచ్చింది. తీరమంతా భయపడింది. దారిలో చల్లని నీరు, పొడిగాలి, పై గాలుల ఒరిపిడి మూడూ ఒకేసారి తగిలాయి. 28న మచిలీపట్నం దగ్గరకు చేరేసరికి మామూలు వాయుగుండంగా నీరసించిపోయింది. హెచ్చరిక తప్పిందని అప్పుడు చాలామంది విసుక్కున్నారు. కానీ అంతటి తుపాను కళ్లెదుట ఉన్నప్పుడు, చివరి రోజు అది కూలిపోతుందన్న ఆశతో జనాన్ని ఇళ్లలోనే ఉంచేయడం ఎవరూ చేయకూడని పని.

వాయుగుండం, తుపాను అన్న మాటలను మామూలుగా ఒకే అర్థంలో వాడేస్తాం గానీ వాతావరణ శాఖకు వాటి మధ్య కచ్చితమైన గీతలున్నాయి. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. 166 దాటితే ఇంకో మెట్టు, 220 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరు 29న ఒడిశాలోని పారాదీప్ దగ్గర దాదాపు 260 కిలోమీటర్ల గాలితో విరుచుకుపడింది ఈ చివరి రకం. ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టే ఏర్పడ్డాయి. వాన ఎంత కురుస్తుంది, ఉప్పెన ఎంత లేస్తుంది అన్నవి ఈ లెక్కలోకి రావు.

కన్ను

గోదావరి వరదలో సుడిగుండాన్ని చూసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. అంచుల్లో నీరు నెమ్మదిగా తిరుగుతుంది, మధ్యకు దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. తుపానులోనూ అంతే. వందల కిలోమీటర్ల దూరం నుంచి మెల్లగా తిరుగుతూ బయలుదేరిన గాలి, కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ చుట్టు చిన్నదై విపరీతమైన వేగం అందుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ దాన్ని బయటికి విసిరే బలం కూడా పెరుగుతుంది. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు మజ్జిగ అంచులకు ఎగదన్ని మధ్యలో గుంట పడుతుంది కదా, ఆ బలమే ఇది. కేంద్రానికి ఇంకా ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం ఉండగానే లోపలికి లాగే ఒత్తిడీ బయటికి విసిరే బలమూ సరిసమానమవుతాయి. గాలి ఇక లోపలికి పోలేదు. అక్కడే వలయాకారంలో నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

ఆ వలయాన్నే కంటిగోడ అంటారు. తుపాను మొత్తంలో అతి బలమైన గాలి, అతి భారీ వాన ఉండేది ఈ గోడలోనే. మేఘాలు పదిహేను కిలోమీటర్ల దాకా లేస్తాయి. పైకి చేరిన గాలిలో ఎక్కువ భాగం బయటికి పరుచుకుంటుంది, కొద్ది భాగం మాత్రం లోపలికి తిరిగి వలయం మధ్యలోకి దిగుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కినట్టే, దిగుతున్న గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. వేడిగాలిలో మేఘం నిలవదు. అందుకే మధ్యలో ఆకాశం తెరుచుకుంటుంది. అదే కన్ను. సాధారణంగా దాని అడ్డుకొలత 30 నుంచి 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

కన్ను చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది గానీ తుపాను బలమంతా దాన్ని ఆసరా చేసుకునే ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున కంటి లోపలి గాలి, చుట్టూ ఉన్న గాలికంటే పది డిగ్రీలకు పైగా వేడిగా ఉండవచ్చు. వేడిగాలి స్తంభం తేలిక, కాబట్టి కింద ఒత్తిడి ఇంకా పడిపోతుంది, చుట్టూ గాలి ఇంకా పదునెక్కుతుంది. సముద్రమట్టం దగ్గర మామూలు ఒత్తిడి 1,010 మిల్లీబార్ల దరిదాపుల్లో ఉంటే, విశాఖ మీదికి వచ్చిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో అది 950కి, 1999 ఒడిశా తుపానులో 912కి దిగిపోయింది. అతి తీవ్ర తుపాను స్థాయికి చేరితే తప్ప స్పష్టమైన కన్ను సాధారణంగా ఏర్పడదు. మన తీరానికి వచ్చే తుపాన్లలో చాలా వాటికి అది కనిపించదు.

2014 అక్టోబరు 12న విశాఖపట్నానికి కనిపించింది. గంటకు 180 కిలోమీటర్ల గాలితో వచ్చిన హుద్‌హుద్ మధ్యాహ్నం 12, 1 గంటల మధ్య నగరం మీదుగానే తీరం దాటింది. ఇంత పెద్ద నగరం మీదుగా కన్ను పోవడం దేశంలో చాలా అరుదు. ఉదయమంతా చెవులు పగిలేలా హోరెత్తిన గాలి, ఉన్నట్టుండి తగ్గింది. అయిపోయిందనుకోవడం సహజం. తలుపు తీసి బయటికి వచ్చి, విరిగిన చెట్టునో ఎగిరిన రేకునో చూద్దామనుకోవడమూ సహజమే. కానీ అప్పటికి గడిచింది తుపాను సగమే. కంటిగోడ రెండో అంచు వచ్చేసరికి గాలి మళ్లీ లేస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. పడమరకు కదిలే తుపానులో మొదట ఉత్తరం నుంచి వీచిన గాలి, కన్ను దాటాక దక్షిణం నుంచి వీస్తుంది. ఒకవైపు గాలికి వేళ్లు కదిలిన చెట్లు, మేకులు సడలిన పైకప్పులు రెండోవైపు దెబ్బకు నిలవలేవు. ఆ మధ్యలో దొరికే నిశ్శబ్దం ఎంతసేపు ఉంటుందన్నది కన్ను వెడల్పునూ అది కదిలే వేగాన్నీ బట్టి ఉంటుంది. కన్ను సరిగ్గా నడినెత్తి మీదుగా పోకుండా ఓ పక్కగా పోతే పావుగంటలోనే ముగిసిపోవచ్చు. తుపాను దాటిందని వాతావరణ శాఖ చెప్పే దాకా గాలి ఆగిందన్న ఒక్క కారణంతో ఇంట్లోంచి కదలకూడదని అధికారులు పదేపదే చెప్పేది ఇందుకే.

కుడి పక్క, ఎడమ పక్క

ఇప్పుడు దివిసీమ దగ్గరకు వద్దాం. తుపాను ఎటు కదులుతోందో అటే ముఖం పెట్టి నిలబడినట్టు ఊహించుకుంటే, దానికి ఒక కుడి పక్క, ఒక ఎడమ పక్క ఉంటాయి. గాలి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి, కుడి పక్కన గాలి తిరిగే దిశా తుపాను కదిలే దిశా ఒకటే అవుతాయి. రెండు వేగాలూ కలుస్తాయి. ఎడమ పక్కన ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి.

మన తీరంలో దీని ఫలితం చాలా కఠినంగా ఉంటుంది. తుపాను తూర్పు నుంచి పడమరకు వస్తుంది కనుక కుడి పక్క అంటే ఉత్తరం వైపు. కేంద్రానికి ఉత్తరాన ఉన్న తీరంలో గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. దక్షిణాన ఉన్న తీరంలో నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒక పక్క గాలి నీటిని గంటల తరబడి ఊళ్ల మీదికి నెడుతుంటే, రెండో పక్క సముద్రం వెనక్కి తగ్గడం కూడా కనిపిస్తుంది. పైగా అతి బలమైన గాలి ఉండేది కేంద్రంలో కాదు, కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని కంటిగోడలో. కాబట్టి ఉప్పెన శిఖరం తీరం దాటిన చోట ఉండదు, దానికి కుడివైపు కొంత దూరాన ఉంటుంది. చీరాలకు దివిసీమ ఉన్నది సరిగ్గా అటువైపే.

ఉప్పెన అంటే ఒక పెద్ద అల అనుకోవడం పొరపాటు. సముద్ర మట్టమే లేచి నిలబడుతుంది, అలలు ఆ లేచిన నీటి మీద వస్తాయి. కేంద్రంలో ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. 60 మిల్లీబార్లు తగ్గినా దాని వాటా అరవై సెంటీమీటర్లే. మిగతాదంతా గాలి నెట్టుకొచ్చిన నీరు. లోతైన సముద్రంలో అలా నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. లోతు తక్కువైన చోట జారిపోవడానికి దారి లేక పైకి లేస్తుంది. కృష్ణ ముఖద్వారం, నిజాంపట్నం దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ, తీరం కూడా లోపలికి వంగి ఉంటుంది. నేల చూస్తే సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తే. విశాఖ దగ్గర లోతు త్వరగా పెరుగుతుంది, తీరంలో కొండలున్నాయి. అందుకే అంతటి హుద్‌హుద్‌లోనూ విశాఖలో నమోదైన ఉప్పెన ఎత్తు సుమారు 1.4 మీటర్లే. అదే తుపాను నిజాంపట్నం వైపు వచ్చి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

దీనికి పోటు తోడైతే ఇంకా ప్రమాదం. పోటు సమయంలో ఉప్పెన వస్తే పోటు ఎత్తు ఉప్పెన ఎత్తుకు కలుస్తుంది, ఆటు సమయంలో వస్తే అంత మేరకు తగ్గుతుంది. తుపాను రెండు మూడు గంటలు ముందో వెనకో రావడం వల్ల కొన్ని ఊళ్లు బతికిపోవచ్చు, కొన్ని మునిగిపోవచ్చు. 1970 నవంబరు 12 రాత్రి అప్పటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తుడిచేసి 3 లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకున్న భోలా తుపానులో ఉప్పెన పోటుతో కలిసే వచ్చింది.

జాడ పట్టడం

1864లో నెల తిరక్కుండానే రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపాన్లు ముంచేశాయి. ఒక్క బందరు ప్రాంతంలోనే 30 వేల మంది చనిపోయారని అంచనా. సముద్రంలో ఏం జరుగుతోందో తీరానికి తెలిసే దారి అప్పుడు లేదు. ఆ విపత్తులూ, ఆ తర్వాత వరుసగా వానలు లేక వచ్చిన కరువులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పాటుకు దారి తీశాయి. అంతకు ముందే, 1848లో, కలకత్తాలో ఉండి ఓడల లాగ్ పుస్తకాలను పోగుచేసి తుపాన్లను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ వీటికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. ఆయన రాతల్లో మన కోరంగి రేవును ముంచిన ఉప్పెన కథ కూడా ఉంది.

ఈ రోజు తుపాను పుట్టక ముందే చూపు దాని మీద పడుతుంది. 2016లో వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్, 2024లో వెళ్లిన 3డీఎస్ లాంటి ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి రాత్రింబవళ్లు ఫొటోలు తీస్తుంటాయి. అయితే ఫొటోలో గాలి వేగం కనిపించదు. మరి గంటకు ఇన్ని కిలోమీటర్లని ఎలా చెబుతారు? 1970లలో అమెరికా శాస్త్రవేత్త వెర్నాన్ ద్వోరాక్ దీనికి ఒక దారి కనిపెట్టాడు. మేఘాల చుట్ట ఎంత బిగుసుకుంది, కన్ను ఏర్పడిందా, కన్ను ఎంత వేడిగా ఉంది, చుట్టూ మేఘాల తలలు ఎంత చల్లగా ఉన్నాయి అన్నది చూసి 1 నుంచి 8 దాకా ఒక సంఖ్య ఇస్తారు. కంటికీ కంటిగోడ పైభాగానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత ఎక్కువైతే తుపాను అంత బలమైనదని లెక్క. ఆ సంఖ్యను బట్టి గాలి వేగాన్ని అంచనా వేస్తారు. వైద్యుడు నాడి పట్టి చూసినట్టుగా ఉండే ఈ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అమెరికాలో ప్రత్యేక విమానాలు తుపాను కంటిలోకే దూసుకెళ్లి పరికరాలు జారవిడిచి కొలుస్తాయి. బంగాళాఖాతంలో అలా విమానాలు పంపే ఏర్పాటు లేదు కాబట్టి మనకు ఈ అంచనాయే పెద్ద ఆధారం.

తుపాను తీరానికి మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక డాప్లర్ రాడార్లు అందుకుంటాయి. చెన్నై, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు వాన వలయాలను, కన్నును, దగ్గరకొస్తే గాలి వేగాన్ని కూడా చూపిస్తాయి. సముద్రంలో లంగరు వేసి ఉంచిన, నీటి మీద తేలే పరికరాలు (బోయలు) ఒత్తిడి, నీటి ఉష్ణోగ్రత పంపుతుంటాయి. సముద్రం ఎక్కడ ఎంత లేస్తుందన్న లెక్క హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో, అంటే సముద్ర సమాచారాన్ని అందించే జాతీయ కేంద్రంలో, కడతారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరం నుంచి తీరానికి ఉప్పెన హెచ్చరిక వెళ్లడం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది.

ఎటు వెళుతుందన్నది వేరే లెక్క. తుపానుకు తన సొంత కాళ్లు దాదాపు లేవు. ప్రవాహంలో పడిన సుడి ప్రవాహంతో పాటే కొట్టుకుపోయినట్టు, చుట్టూ ఉన్న పెద్ద గాలుల వెంట పోతుంది. ఉత్తరాన గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్న ప్రాంతం గోడలా నిలబడితే పడమరకు, అంటే మన వైపు వస్తుంది. ఆ గోడకు గండి పడితే ఉత్తరానికి, ఆపైన ఈశాన్యానికి తిరుగుతుంది. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అలాగే నేల మీదికి వచ్చాక ఈశాన్యానికి మళ్లింది. నడిపించే గాలులు బలహీనంగా ఉంటే తుపాను ఒక్కచోటే తచ్చాడుతుంది. 1999లో ఒడిశా తీరాన్ని దాటాక అలా నిలిచిపోవడం వల్లే అక్కడ వాన రోజుల తరబడి ఆగలేదు.

ఈ పెద్ద గాలులను కంప్యూటర్ నమూనాలు లెక్కగడతాయి. మొదట్లో ఉండే చిన్న తేడా రోజులు గడిచేకొద్దీ పెద్దదవుతుంది కాబట్టి మ్యాపు మీద గీత చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే ఒక ప్రాంతాన్ని కూడా గీస్తారు. ఆ ప్రాంతంలో ఎక్కడైనా కేంద్రం ఉండవచ్చు. 24 గంటల ముందు చెప్పే స్థానంలో ఇప్పుడు సగటు తేడా 70, 80 కిలోమీటర్ల దగ్గరకు వచ్చింది. రెండు దశాబ్దాల కిందటితో పోలిస్తే ఇది చాలా పెద్ద మెరుగుదల. అయినా చీరాలకూ దివిసీమకూ మధ్య దూరం కూడా సుమారు అంతేనని మరచిపోకూడదు. టీవీలు వెడల్పైన ప్రాంతాన్ని పక్కన పెట్టి సన్నని గీతనే ఎర్రగా చూపించడం వల్ల జరిగే నష్టం ఇక్కడే. గీతకు అవతల ఉన్నవాళ్లు తమకేమీ కాదనుకుంటారు.

హెచ్చరిక పనిచేస్తే ఎంత తేడా వస్తుందో కృష్ణా తీరమే చూసింది. 1990 మే 9న దాదాపు 1977 అంతటి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరకే వచ్చింది. అప్పటికి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. అదీ తక్కువేం కాదు, కానీ పదమూడేళ్ల కిందటి పది వేల పక్కన పెట్టి చూస్తే ఎన్ని ప్రాణాలు దక్కాయో తెలుస్తుంది.

పేర్ల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఉత్తర హిందూ మహాసముద్రంలో పేర్లు పెట్టడం 2004లో ఒనిల్‌తో మొదలైంది. ఇప్పుడు 13 దేశాలు తలా 13 చొప్పున ఇచ్చిన 169 పేర్ల జాబితా నుంచి వరుసగా తీసుకుంటారు. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పిట్ట పేరు, తిత్లీ పాకిస్తాన్ ఇచ్చిన సీతాకోకచిలుక. పేరు తుపాను స్థాయికి చేరితేనే పెడతారు, వాయుగుండానికి పేరుండదు.

పేరు లేనిది ప్రమాదం లేనిదని మాత్రం అనుకోలేం. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే. కానీ ఆ రోజు హైదరాబాద్ మునిగింది, ఘట్‌కేసర్‌లో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది ఉత్త వాయుగుండం. దానికి దాదాపు 400 కిలోమీటర్ల నైరుతిలో ఉన్న విజయవాడలో బుడమేరు పొంగి సగం నగరాన్ని ముంచేసింది. రుతుపవన కాలపు వాయుగుండాల్లో అతి భారీ వానలు కేంద్రానికి నైరుతి వైపునే పడతాయి. అక్కడ కూడా గీత చివరి ఊరికంటే, గీతకు ఏ పక్కన ఉన్నామన్నదే లెక్కకు వచ్చింది.

ఏ పక్కన ఉన్నామన్న ఈ ప్రశ్నకు మన రేవుల్లో చాలా పాత కాలం నుంచీ జవాబు ఎగురుతూనే ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త చిన్నప్పటి నుంచీ వింటున్నదే. నంబరు పెరిగేకొద్దీ తుపాను పెద్దదని అందరి లెక్క. 1 నుంచి 4 దాకా అది కొంతవరకు నిజమే. ఆ తర్వాత కాదు. 5, 6, 7 ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. 8, 9, 10 అంతకంటే పెద్ద ప్రమాదాన్ని చెబుతాయి, ఆ మూడూ మళ్లీ ఒకే స్థాయి. తేడా అంతా దిక్కులోనే. 5, 8 అంటే తుపాను దారికి రేవు ఎడమ పక్కన పడుతుందని. 6, 9 అంటే కుడి పక్కన పడుతుందని. 7, 10 అంటే రేవు మీదుగానో, ఆనుకునో పోతుందని. 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని అర్థం.

ఈ లెక్కన చీరాల వైపు ఒక తీవ్రమైన తుపాను వస్తుంటే కృష్ణపట్నంలో ఎగరాల్సింది 8, మచిలీపట్నంలో ఎగరాల్సింది 9. గాలి రెండు చోట్లా ప్రమాదమే. సముద్రం ఊళ్లలోకి వచ్చేది 9 ఎగిరిన వైపు.